పిల్లికి తామర, పాపకి తామర. పిల్లిని వదిలేయమంటున్నారు, ఏం చేయాలి? (విజయవాడ)

వాణి_పటమట

అందరికీ నమస్కారం. మాది పటమట, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. దసరా సెలవుల్లో పాప పట్టుబడితే ఒక పర్షియన్ పిల్లిపిల్లని కొన్నాం. తెచ్చిన రోజే దాని చెవి అంచున కాస్త బొచ్చు లేదు. అడిగితే "ఆడుకుంటూ గీరుకుంది, వచ్చేస్తుంది లెండి" అన్నాడు అమ్మినతను. ఇప్పుడు చెవి మీద, ముక్కు పక్కన, ముందు కాలి మీద బొచ్చు ఊడిపోయి బోడి మచ్చలు పడ్డాయి. వాటి మీద తెల్లగా పొట్టు రాలుతోంది. దానికి దురద ఉన్నట్టు కూడా అనిపించదు, హాయిగా ఆడుకుంటోంది.

పాపకి (రెండో క్లాసు) మెడ మీద, ముంజేతి లోపలి వైపు గుండ్రంగా ఎర్రటి మచ్చలు లేచాయి. అంచు ఉబ్బెత్తుగా ఉంది, మధ్యలో తేటగా ఉంది. రాత్రిళ్ళు గోకుతూనే ఉంటుంది. నాకూ పొట్ట మీద ఒకటి వచ్చింది, పిల్లిని ఒళ్ళో పెట్టుకునే చోటే.

ఇంకో సంగతి. మా మామగారికి రెండేళ్ళుగా గజ్జల్లో, నడుం చుట్టూ తామర ఉంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తారు. రాసినన్నాళ్ళు తగ్గుతుంది, ఆపగానే మళ్ళీ మొదలు. ఇప్పుడు బాగా పాకింది. అత్తయ్య గారు "ఇదంతా ఈ పిల్లి తెచ్చిన రోగమే" అంటున్నారు. అదే ట్యూబ్ పాపకీ రాయమంటున్నారు. అసోసియేషన్ వాళ్ళకి తెలిసి, పిల్లిని ఎక్కడైనా వదిలేసి రమ్మని చెప్పారు. అది విన్న దగ్గర్నుంచి పాప సరిగ్గా అన్నం తినడం లేదు.

పిల్లిని ఉంచుకోవచ్చా? అందరికీ ఎలా తగ్గుతుంది? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కృష్ణలంక_రాము

వదిలేయండి అక్కా. ఇంట్లో చిన్నపిల్ల ఉన్నప్పుడు పిల్లి ఎందుకు? పాప నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది.

పిల్లులఇల్లు_గుణదల

రాము గారూ, మీరు పాప మీద ప్రేమతోనే అంటున్నారు, అర్థమైంది. కానీ పిల్లిని వదిలేసినంత మాత్రాన ఆ ఇంట్లో తామర పోదు. పిల్లి బొచ్చు సోఫాలో ఉంది, దుప్పట్లో ఉంది, పాప స్కూలు స్వెట్టర్ మీద ఉంది. ఆ రాలిన బొచ్చులో ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికి ఉంటాయి. పైగా రోగమున్న పిల్లిపిల్లని గుణదల కొండ దగ్గరో, బందరు కాలువ గట్టు మీదో వదిలితే అక్కడి వీధి పిల్లులకీ, వాటిని ఎత్తుకునే పిల్లలకీ అంటుతుంది. ఇంట్లో పెరిగిన పర్షియన్ బయట బతకడమూ కష్టమే, కుక్కలు బతకనివ్వవు.

వాణి గారూ, ఇది తగ్గే జబ్బు. మా ఇంట్లో తెచ్చి పెంచిన పిల్లిపిల్లలకి ఇది చూశాను, అన్నీ బాగయ్యాయి. ముందు డాక్టరుకి చూపించండి. శుభ్రం చేసుకునే పద్ధతి తర్వాత వివరంగా రాస్తాను.

వెట్_గన్నవరం

వాణి గారూ, నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి ప్రాక్టీసు చేస్తున్నాను. ఫొటో చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు చెప్పిన తీరు పిల్లి తామరకి చక్కగా సరిపోతోంది. పిల్లుల్లో దీనికి చాలావరకు మైక్రోస్పోరం కేనిస్ అనే ఫంగస్ కారణం. పేరులో కుక్క ఉన్నా ఇది ఎక్కువగా పిల్లుల మీదే ఉంటుంది. పిల్లిపిల్లలకి, పర్షియన్ లాంటి పొడుగు బొచ్చు జాతులకి తొందరగా పట్టుకుంటుంది. కొన్ని పిల్లులకి ఒక్క మచ్చ కూడా కనిపించదు, అయినా బొచ్చులో బీజాలు మోస్తూ ఇంట్లో వాళ్ళకి అంటిస్తాయి. మీ ఇంట్లో ఇంకో పిల్లిగానీ కుక్కగానీ ఉంటే దానికి మచ్చలు లేకపోయినా చూపించాలి.

ఆస్పత్రిలో ఏం చేస్తారో చెబుతాను, వెళ్ళినప్పుడు అడగడానికి పనికొస్తుంది. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే నీలి వెలుగు దీపం వేసి చూస్తారు. మైక్రోస్పోరం పట్టిన వెంట్రుక మొదళ్ళు పచ్చి యాపిల్ రంగులో మెరుస్తాయి. పొట్టు, దుమ్ము, రాసిన ఆయింట్‌మెంట్ కూడా మెరవవచ్చు, కాబట్టి వెళ్ళే ముందు ఏమీ రాయకండి. మెరవకపోతే తామర లేదని కాదు, ఈ ఫంగస్‌లోనే మెరవని రకాలు కూడా ఉన్నాయి. మెరిసిన వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద చూస్తారు. కల్చర్‌కి, అంటే ఫంగస్‌ని పెంచి చూసే పరీక్షకి, కొత్త టూత్‌బ్రష్ తీసుకుని పిల్లి ఒళ్ళంతా రెండు మూడు నిమిషాలు దువ్వి, ఆ బ్రష్‌ని కల్చర్ ప్లేటు మీద అద్దుతారు. ఫంగస్ పెరిగితే ప్లేటు పసుపు నుంచి ఎరుపుకి మారుతుంది. రెండు మూడు వారాలు పట్టవచ్చు. అంతదాకా ఆగకుండా వైద్యం మొదలుపెడతారు.

వైద్యం రెండు వైపుల నుంచీ జరగాలి. కడుపులోకి ఇట్రాకొనజోల్ లాంటి మందు, బయట ఒంటికి మైకోనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ స్నానం. స్నానం వారానికి రెండుసార్లు, నురగ ఒంటి మీద పది నిమిషాలు ఉండాలి. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. మనుషుల మాత్ర విరిచి పెట్టకండి, మనుషులకి రాసే ట్యూబులూ రాయకండి, పిల్లి నాకేస్తుంది. టీ ట్రీ ఆయిల్ పిల్లులకి విషం.

పొట్టి బొచ్చు పిల్లులకి ఇది రెండు మూడు నెలల్లో దానంతటదే తగ్గే అవకాశం ఉంది. అయినా వైద్యం ఎందుకంటే, ఆ రెండు మూడు నెలలూ అది ఇల్లంతా బీజాలు రాలుస్తూనే ఉంటుంది. మచ్చల మీద బొచ్చు వచ్చేసింది కదా అని మందు ఆపేయకూడదు. వరుసగా రెండుసార్లు కల్చర్‌లో ఏమీ పెరగకపోతేనే తగ్గినట్టు.

వాణి_పటమట

డాక్టరు గారూ, చాలా థాంక్స్. రేపే తీసుకెళ్తాం. మామగారి ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో ఉన్నవి ఇవి: క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్. పాపకి రాయొచ్చా? మా ఆయన ఊళ్ళో లేరు, అత్తయ్య గారికి నేను గట్టిగా చెప్పలేకపోతున్నాను.

స్కిన్‌పీజీ_గుంటూరు

వాణి గారూ, పాపకి ఆ ట్యూబ్ దయచేసి రాయకండి. మీరూ రాసుకోకండి.

గుంటూరులో చర్మవ్యాధుల పీజీ చేస్తున్నాను. మా ఓపీలో పొద్దున్నుంచి వచ్చే తామర కేసుల్లో చాలామంది చేతిలో ఇలాంటి ట్యూబే ఉంటుంది. అందులో మైకోనజోల్ ఫంగస్ మందే, కాదనను. క్లోబెటసాల్ మాత్రం స్టెరాయిడ్, పూత స్టెరాయిడ్లలోకెల్లా చాలా ఘాటైనది. అది రాసిన పూటే దురద, ఎరుపు తగ్గిపోతాయి. దురద అనేది మన ఒళ్ళు ఫంగస్‌తో పోరాడుతున్నందువల్ల వచ్చేది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. ఉడుకుతున్న కుండ మీద మూత పెట్టినట్టు, పైకి ఏమీ కనపడదు గానీ లోపల ఫంగస్ ఇంకా హాయిగా పెరుగుతుంది. ట్యూబ్ ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది. మీ మామగారికి రెండేళ్ళుగా జరుగుతున్నది అదే అని నా అనుమానం. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి, చూసిన డాక్టరే తామర అని వెంటనే పోల్చుకోలేని రూపానికి వస్తుంది. గజ్జల్లో చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద పడేలాంటి చారలు పడతాయి. ఆ చారలు మళ్ళీ పోవు. పాతికేళ్ళ కుర్రాళ్ళ తొడల మీద ఆ చారలు చూసినప్పుడల్లా నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆయన తామర పిల్లి కంటే ముందే ఉంది కదా? గజ్జల్లో, నడుం చుట్టూ ఏళ్ళ తరబడి ఉండే తామర మన దగ్గర దాదాపుగా మనిషి నుంచి మనిషికి వచ్చేదే. ట్రైకోఫైటాన్ అనే వేరే ఫంగస్. అందులో ఒక రకానికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. భారత్, నేపాల్ నుంచి వెళ్ళిన రోగుల చర్మంలో దాన్ని వేరుగా గుర్తించారు. ఒకప్పుడు తామరకి బ్రహ్మాండంగా పనిచేసిన టెర్బినాఫిన్ ఇందులో చాలా వాటికి పనిచేయడం లేదు. కాబట్టి మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు వేర్వేరు ఫంగస్‌లు ఉండి ఉండవచ్చు. మీకూ పాపకీ పిల్లిది, మామగారిది వేరే. పిల్లిని పంపేసినా ఆయనది తగ్గదు, ఆయన నుంచి అత్తయ్య గారికి, ఒకే తువ్వాలు వాడితే మీ అందరికీ అంటుకునే ప్రమాదం అలాగే ఉంటుంది.

పాప తల జాగ్రత్తగా చూడండి. జుట్టు విరిగినట్టుగా ఊడిన చోటుగానీ, చుండ్రులా పొట్టు రేగిన చోటుగానీ ఉందా?

మందులషాపు_అరండల్‌పేట

మాది మందుల షాపే, అందుకని ఈ మాట చెప్పాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ పూతలని షెడ్యూల్ హెచ్ లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మవైద్యుల సంఘం వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చిన నిబంధన అది. కానీ జనం కౌంటర్ దగ్గరికి వచ్చి పేరు పెట్టి అడుగుతారు, "పోయినసారి ఇచ్చావుగా" అంటారు. లేదంటే పక్క షాపుకి వెళ్తారు. నేను ఇవ్వను. కారణం చెబితే కొందరు కోప్పడతారు, కొందరు వింటారు.

ట్యూబ్ కొనేటప్పుడు మీరే ఒక్కసారి వెనక్కి తిప్పి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడ్. తామరకి అది వద్దు.

సీతమ్మ_మంగళగిరి

అమ్మా వాణీ, మా రోజుల్లో ఈ ట్యూబులెక్కడివి? తామరకి సీమ అవిసె ఆకు నూరి నిమ్మరసంతో పట్టించేవాళ్ళు. వేపాకు కాచిన నీళ్ళు పోసేవాళ్ళు. వెల్లుల్లి కూడా రుద్దేవాళ్ళు. తగ్గేవి. పాప లేత చర్మం కదా, ముందు అవిసె ఆకు పట్టించి చూడు తల్లీ.

స్కిన్‌పీజీ_గుంటూరు

సీతమ్మ గారూ, సీమ అవిసె ఆకులో ఫంగస్‌ని అడ్డుకునే గుణం ఉందని పరిశోధనల్లో కూడా తేలింది, మీ పెద్దవాళ్ళు గాలికి చెప్పలేదు. ఒకటి రెండు చిన్న మచ్చలకి అది సరిపోయి ఉంటుంది. కానీ పచ్చి వెల్లుల్లి మాత్రం పాపకి వద్దమ్మా. అది చర్మాన్ని కాల్చేస్తుంది. బొబ్బలెక్కి పుండు పడి మా దగ్గరికి వచ్చిన పిల్లలు ఉన్నారు. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్ళినా చర్మం కమిలిపోతుంది. వేప నీళ్ళ స్నానం ఫర్వాలేదు, దాన్నే వైద్యం అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేయకూడదు.

సీతమ్మ_మంగళగిరి

సరే నాయనా, వెల్లుల్లి మాట వెనక్కి తీసుకుంటున్నా. డాక్టరుకే చూపించు వాణీ.

పాడిరైతు_దుగ్గిరాల

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా దూడలకి కళ్ళ చుట్టూ, మెడ మీద బూడిద రంగు మందపాటి పక్కులు కట్టాయి. పాలు పితికే మా పాలేరుకి చెయ్యి మీద పెద్ద మచ్చ వచ్చి చీము పట్టింది. ఇది కూడా ఇదేనా? దీనికి టీకా ఏమైనా ఉందా?

వెట్_గన్నవరం

అదే కుటుంబం అన్నా, రకం వేరు. దూడల మీద వచ్చేది ఎక్కువగా ట్రైకోఫైటాన్ వెర్రుకోసం. వుడ్స్ ల్యాంప్‌కి సాధారణంగా మెరవదు. చలికాలంలో, వానాకాలంలో దూడలని ఇరుకుగా చీకటి కొట్టంలో కట్టేస్తే ఒకదాన్నుంచి ఒకదానికి జోరుగా పాకుతుంది. పశువు నుంచి మనిషికి వచ్చే ఫంగస్ మన ఒంటికి కొత్త కాబట్టి ఒళ్ళు గట్టిగా ఎదురు తిరుగుతుంది, అందుకే వాపు, చీము. మీ పాలేరుని చర్మం డాక్టరుకి చూపించండి, దాన్ని సెగ్గడ్డ అనుకుని కోయించవద్దు.

టీకా ఉంది. సోవియట్ యూనియన్‌లో 1970ల్లో తయారైంది, నార్వే దాన్ని వాడి పశువుల్లో తామరని బాగా తగ్గించుకుంది. మన ఊళ్ళలో ప్రభుత్వం వేసే గాలికుంటు, గొంతువాపు టీకాల్లో మాత్రం అది లేదు. మీరు చేయగలిగింది: పక్కు కట్టిన దూడలని విడిగా, ఎండ తగిలే చోట కట్టండి. పక్కులు మెత్తబరిచి తీసేసి, తీసినవి కాల్చేయండి. చేతికి గ్లవ్స్ ఉండాలి. గుంజలు, పలుపులు, గాట్లు కడిగి సున్నం వేయండి. మందు కోసం మీ పశువుల ఆస్పత్రి డాక్టరుని ఒకసారి పిలిపించండి. గుంటూరు దగ్గరి లాం ఫారం (పశు పరిశోధన కేంద్రం) వాళ్ళకి ఇలాంటివి బాగా తెలుసు, అటు వెళ్ళే పని ఉంటే అడగండి.

పిల్లులఇల్లు_గుణదల

వాణి గారూ, చెప్పినట్టే శుభ్రం గురించి రాస్తున్నాను. మందు కన్నా ఇదే ఎక్కువ పని.

మొదటిది, ఫినాయిల్ ఆపేయండి. మన ఇళ్ళలో తామర అనగానే బకెట్‌లో ఫినాయిల్ గుమ్మరించి తుడుస్తాం. ఫినాల్ ఉన్న మందులని పిల్లి లివర్ విరగ్గొట్టుకోలేదు. పాదాలకి అంటింది నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

పిల్లిని తేలిగ్గా కడగగలిగే ఒక గదిలో ఉంచండి. కర్టెన్లు, తివాచీ, మెత్తటి కుర్చీలు అందులో లేకుండా చూసుకోండి. కానీ చీకటి బాత్‌రూమ్‌లో ఒంటరిగా బంధించకండి. పిల్లిపిల్లలు మనుషులకి అలవాటు పడే వయసు ఇదే. పాత చొక్కా ఒకటి పిల్లి దగ్గరికి వెళ్ళడానికే పెట్టుకుని, రాగానే మార్చి చేతులు సబ్బుతో కడుక్కోండి. పాప గది గుమ్మంలో కూర్చుని దాంతో దారం కట్టిన కర్రతో ఆడొచ్చు, ఎత్తుకోవడం మాత్రం కొన్నాళ్ళు వద్దు. పాపకి ఈ మాట చెప్పండి, పిల్లి ఎక్కడికీ పోవడం లేదని తెలిస్తే అన్నం తింటుంది.

గదిలో ముందు బొచ్చు పోవాలి. పొడి చీపురుతో ఊడిస్తే బొచ్చు గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో ఒత్తి తీయాలి, లేదా వ్యాక్యూమ్ పెట్టాలి. తర్వాత సర్ఫ్ నీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. ఆ తర్వాతే బట్టలకి వాడే లిక్విడ్ బ్లీచ్, ఒక వంతుకి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేట్టు తుడిచి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవాలి. ఆరేదాకా పిల్లిని, పాపని రానీయకండి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. మురికి మీద బ్లీచ్ పోస్తే పనిచేయదు, కాబట్టి కడగడం మానేసి బ్లీచ్ ఒక్కటే పోస్తే లాభం లేదు.

దుప్పట్లు, పిల్లి పరుపు మెషిన్‌లో కుక్కకుండా కొంచెం కొంచెంగా రెండుసార్లు ఉతకండి. దువ్వెన, గోకుడు చెక్క పాతవి పారేయడమే మంచిది. వారానికి రెండుసార్లు ఈ పని, పిల్లికి తగ్గేదాకా. ఒళ్ళు హూనమవుతుంది, కానీ అవుతుంది.

కృష్ణలంక_రాము

ఇంత ఉంటుందని నాకు తెలియదండీ. పిల్లిని వదిలేయమన్న మాట తప్పే అనిపిస్తోంది. మా వీధిలో పిల్లలు కూడా ఒక పిల్లిని ఎత్తుకుని తిరుగుతుంటారు, రేపు చూస్తాను దాన్ని.

వాణి_పటమట

అప్‌డేట్ ఇస్తున్నాను. వెటర్నరీ ఆస్పత్రిలో గది తలుపులేసి లైటు తీసి దీపం వేశారు. చెవి అంచున ఒక్కో వెంట్రుక మొదలు పచ్చగా మెరిసింది, మా ఆయన ఫోన్‌లో తీశారు. ముక్కు పక్కన కూడా మెరిసింది. ఏమీ కనపడని తోక మొదట్లో కూడా రెండు మూడు మెరిశాయి. టూత్‌బ్రష్‌తో దువ్వి కల్చర్‌కి పంపారు. మందు, షాంపూ మొదలుపెట్టాం.

పాపని చర్మం డాక్టరుకి చూపించాం. తలలో మాడు దగ్గర చిన్న చోట జుట్టు విరిగి ఉందట, మాకు కనపడనే లేదు. ఇక్కడ స్కిన్‌పీజీ గారు అడగబట్టి నేనే డాక్టరుని "తల కూడా చూడండి" అన్నాను. కడుపులోకి మందు ఇచ్చారు, గ్రిసియోఫుల్విన్ అని ఉంది. ఒంటి మచ్చలకి క్రీమ్ ఇచ్చారు. నాకు క్రీమ్ చాలన్నారు. మామగారిని కూడా ఎలాగో బతిమాలి తీసుకెళ్ళాం. ఆయన చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూసి ఫంగస్ ఉందన్నారు, కల్చర్‌కీ పంపారు. ట్యూబ్ ఆపేయమన్నారు.

తలకి పూత సరిపోదా? పాపకి ఇన్ని వారాలు మాత్రలంటే భయంగా ఉంది.

స్కిన్‌పీజీ_గుంటూరు

తల తామరకి పూత ఒక్కటే సరిపోదండీ. ఫంగస్ వెంట్రుక లోపలికి, కుదురులోకి దిగిపోతుంది. క్రీమ్ అక్కడిదాకా వెళ్ళదు. మైక్రోస్పోరం అయితే పిల్లలకి గ్రిసియోఫుల్విన్ బాగా పనిచేస్తుంది. 1958లో జంతువుల మీద తామర తగ్గిస్తుందని చూపించాక, ఆ మరుసటి ఏడాదికే మనుషులకి వాడకంలోకి వచ్చిన మందు. అరవై ఏళ్ళకి పైగా పిల్లలు వాడుతున్నారు. భయం వద్దు. పాలు, నెయ్యి అన్నం లాంటి కొవ్వున్న తిండితో వేయండి, ఖాళీ కడుపున వేస్తే సరిగ్గా ఒంటికి పట్టదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. డాక్టరు చెప్పే దాకా ఆపకండి.

మాడు మీద మెత్తగా వాచి చీము కారితే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించండి. దాన్ని కీరియాన్ అంటారు. సెగ్గడ్డ అనుకుని కోస్తే జుట్టు మళ్ళీ రాని మచ్చ మిగులుతుంది. కోయకూడదు, మాత్రలతోనే తగ్గాలి.

స్కూలుకి పంపవచ్చు, వైద్యం మొదలైంది కాబట్టి. దువ్వెన, రిబ్బను, టోపీ ఎవరితోనూ పంచుకోకుండా చూడండి, క్లాస్ టీచరుకి ఒక్క మాట చెప్పండి.

క్రీమ్ సంగతి. మచ్చ మీద మాత్రమే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి. మామగారికి ఇట్రాకొనజోల్ ఇచ్చి ఉంటే అది కూడా అన్నం తిన్నాక వేయాలి, గ్యాస్ మాత్రతో కలిపి వేయకూడదు. ఆయనకి గుండె జబ్బుగానీ కొలెస్ట్రాల్ మాత్రగానీ ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు దానితో కలిస్తే ప్రమాదం. స్టెరాయిడ్ ఆపిన మొదటి వారం పది రోజులు దురద ఎక్కువవుతుంది. "కొత్త మందు పడలేదు" అని మళ్ళీ పాత ట్యూబ్ పట్టుకునేది అప్పుడే. ఆ పది రోజులూ మీరు ఆయనకి తోడుండాలి.

యార్డ్_శ్రీను

నేను గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తా. అక్కడ ఎండాకాలం సీజన్‌లో గజ్జల్లో తామర లేనివాడు తక్కువ. చెమటకి జీన్స్ తడిసి ఒంటికి అతుక్కుపోతుంది, మళ్ళీ దాని మీదే మిర్చి కారం. కారం మంట అనుకుని చాలామంది నెలలు గడిపేస్తారు. నాకు డాక్టరు గారు ఒకటే చెప్పారు, మొలతాడు తీసేయమని. తీసి చూస్తే తాడు ముడి దగ్గర చర్మం నల్లగా, పొట్టు పొట్టుగా ఉంది. తాడెక్కడ ఒరుసుకుంటుందో సరిగ్గా అక్కడే వలయం. ఇంట్లో పెద్దవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. డాక్టరు గారే ఫోన్‌లో మాట్లాడి, తగ్గాక కొత్తది కట్టుకోవచ్చు అన్నారు, అప్పుడు ఒప్పుకున్నారు.

స్కిన్‌పీజీ_గుంటూరు

శ్రీను గారు చెప్పింది చాలా విలువైన మాట. మొలతాడు, తాయెత్తు దారం, మణికట్టు దారాలు ఎప్పుడూ తడిగా ఉంటాయి, ఎవరూ ఉతకరు. వాటిలో ఫంగస్ దాక్కుంటుంది. మేం చూసేటప్పుడు దారం పక్కకి జరిపి చూస్తాం. తగ్గాక కొత్తది కట్టుకోండి, నమ్మకానికి ఏ లోటూ ఉండదు.

బట్టల విషయంలో కూడా. వదులుగా ఉండే కాటన్ లుంగీ, పైజమా మేలు. లోపలి బట్టలు రోజూ మార్చి, వేడి నీళ్ళలో ఉతికి, లోపలి వైపు బయటికి తిప్పి ఎండలో ఆరేసి ఇస్త్రీ చేస్తే మంచిది. మన అపార్ట్‌మెంట్లలో బాల్కనీ నీడన ఆరీ ఆరని బట్టలు మడిచి అల్మారాలో పెడతాం, అది వద్దు. తామర ఉన్నవాళ్ళ బట్టలు బకెట్‌లో అందరివాటితో కలిపి నానబెట్టకూడదు. ఇంట్లో ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి వైద్యం తీసుకోవాలి. మా దగ్గర భర్త ఒక నెల, భార్య ఇంకో నెల వస్తారు. ఒకరికొకరు అంటించుకుంటూ ఏడాదంతా తిరుగుతారు. ఆడవాళ్ళు సిగ్గుపడి చివరి దాకా చెప్పరు. వాణి గారూ, అత్తయ్య గారిని మెల్లగా అడగండి.

సింగ్‌నగర్_వాసి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు రోజుల తరబడి మురికి నీళ్ళలో తిరిగాం. తర్వాత మా వీధిలో చాలామందికి కాలి వేళ్ళ సందుల్లో తెల్లగా నాని, పగిలి, దుర్వాసన. అది కూడా అంటుకునేదేనా? మా నాన్నకి షుగర్ ఉంది, ఇప్పటికీ వానాకాలం వస్తే తిరగబెడుతోంది.

స్కిన్‌పీజీ_గుంటూరు

వేళ్ళ సందుల్లో వచ్చేది కూడా చాలావరకు ఇదే తరహా ఫంగస్, ఒక్కోసారి బ్యాక్టీరియా కూడా కలుస్తుంది. అంటుకుంటుంది, చెప్పుల ద్వారా, తడి బాత్‌రూమ్ నేల ద్వారా. షుగర్ ఉన్న నాన్నగారికి ఆ పగుళ్ళ గుండా బ్యాక్టీరియా దూరి కాలంతా వాచే ప్రమాదం ఉంది. కాళ్ళు ఎర్రగా వేడెక్కినా జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. రోజూ స్నానం అయ్యాక వేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తండి. గోళ్ళు మందంగా పసుపు రంగులోకి మారి ఉంటే అదే మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడానికి కారణం కావచ్చు, డాక్టరుకి గోళ్ళు కూడా చూపించండి.

వీపు మీద, ఛాతీ మీద తెల్లగానో గోధుమ రంగులోనో వచ్చే శోభి మచ్చలు వేరు. అవీ ఫంగస్ వల్లే గానీ ఒకరి నుంచి ఒకరికి అంటవు. వాటికి భయపడి తువ్వాళ్ళు విడివిడిగా పెట్టుకోనక్కర్లేదు. రాత్రిపూట ఇంటిల్లిపాదికీ దురద, వేళ్ళ మధ్య చిన్న పొక్కులు ఉంటే అది గజ్జి కావచ్చు, అది పురుగు వల్ల వచ్చేది, మందు వేరు.

వాణి_పటమట

రిపోర్టులు వచ్చాయి. పిల్లికి మైక్రోస్పోరం కేనిస్. పాప తల నుంచి తీసిన దాంట్లో కూడా అదే. మామగారిది ట్రైకోఫైటాన్. స్కిన్‌పీజీ గారు ముందే చెప్పినట్టు రెండూ వేరే. రిపోర్టు అత్తయ్య గారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనకి కూడా ఏడాదిగా ఉందని చెప్పారు, మామగారికి కూడా చెప్పలేదట. రేపు ఇద్దరూ కలిసి వెళ్తున్నారు.

అసోసియేషన్ ప్రెసిడెంటుకి పిల్లి డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాను. వైద్యం నడుస్తోంది, బయటికి వదలం, లిఫ్టులో బుట్టలోనే తీసుకెళ్తాం అని రాసిచ్చాక ఒప్పుకున్నారు.

పాప మచ్చలు మానుతున్నాయి, మాత్ర నెయ్యన్నంలో వేస్తున్నాం.

కొత్తఅమ్మ_తాడేపల్లి

ఈ చర్చ చదివి అడుగుతున్నాను. నాకు ఐదో నెల. పుట్టింట్లో పిల్లి ఉంది, దానికి ఇలాంటి మచ్చలే. నాకు చేతి మీద ఒకటి వచ్చింది. అందరూ పిల్లి ఉంటే కడుపులో బిడ్డకి ప్రమాదం అంటున్నారు. వాణి గారి పాపకి ఇచ్చిన మాత్ర నేను వేసుకోవచ్చా?

స్కిన్‌పీజీ_గుంటూరు

వద్దమ్మా. గ్రిసియోఫుల్విన్ గర్భిణులు అస్సలు వేసుకోకూడదు, ఇట్రాకొనజోల్ కూడా ఈ సమయంలో వద్దు. చేతి మీద ఒక్క మచ్చకి క్లోట్రిమజోల్ లాంటి పూత చాలు, అది గర్భిణులకి వాడేదే. అయినా మీ గైనకాలజిస్టుని అడిగే మొదలుపెట్టండి. తామర చర్మం దాటి లోపలికి వెళ్ళదు, బిడ్డకి దాని వల్ల ప్రమాదం లేదు. పిల్లి గురించి పెద్దవాళ్ళు భయపడేది టాక్సోప్లాస్మా అనే వేరే జబ్బుకి. అది పిల్లి మలం ద్వారా, సరిగ్గా ఉడకని మాంసం ద్వారా వస్తుంది. పిల్లి మట్టి డబ్బా ఇంట్లో వేరేవాళ్ళు రోజూ శుభ్రం చేయాలి, మీరు ముట్టుకోకండి.

వెట్_గన్నవరం

ఒకటి కలుపుతాను. పిల్లికి గ్రిసియోఫుల్విన్ రాసి ఇచ్చినా ఆ మాత్ర మీ చేత్తో విరవకండి, వేయకండి, ఇంకెవరైనా వేయాలి. పిల్లికి స్నానం కూడా వేరేవాళ్ళే చేయించాలి. పిల్లిని చూపించేటప్పుడు ఇంట్లో గర్భిణి ఉందని మొదటే చెప్పండి, దాన్ని బట్టి మందు మారుస్తారు. ఆ పిల్లి కూడా కడుపుతో ఉంటే ఆ మాట కూడా చెప్పాలి, దానికీ ఈ మందు పనికిరాదు.